ఉప్పుగాలి - నాలుగు బేరింగులు

మేము 1998 పదో తరగతి బ్యాచ్ వాళ్లం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగితే, అన్నంలో రాళ్లూ, స్టడీ అవర్లో కునుకుపాట్లూ మాకంటే బాగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కదా అనుకున్నాం. అందుకే మేము బేరింగుల గురించి రాస్తున్నాం.

మా గదిలో ఒక మిత్రుడుండేవాడు. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. (మన దేశాన్ని పోలియో లేని దేశంగా ప్రకటించింది 2014లో. ఈనాటి తమ్ముళ్లలో చాలామంది ఆ జబ్బు చూసి ఉండరు.) వాడిది చక్రాల చెక్క. మూరెడు వెడల్పు పలక, అడుగున రెండు కర్ర ఇరుసులు, ఇరుసుల చివర నాలుగు పాత బేరింగులు. రెండు చేతుల్లో టైరు ముక్కలు కొట్టిన చెక్క దిమ్మలు పట్టుకుని నేలను వెనక్కి తోస్తూ పోయేవాడు. సిమెంటు రోడ్డు మీద ఆ చెక్క చేసే గోల భీమిలి బీచ్ రోడ్డు మొత్తానికీ వినపడేది. ఆ చప్పుడు వినే వంటమనిషి పళ్లెంలో అన్నం పెట్టేసేవారు.

ఎత్తుకుని తీసుకెళ్తామంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "నన్నెత్తకండ్రా, బండిని చూడండి" అనేవాడు. అందుకని మేము బండిని చూడడం నేర్చుకున్నాం.

ఆ బేరింగులు నీళ్ల మోటార్లలోంచి తీసి పారేసినవి. పాత ఇనుము కొట్లో ఏరుకొచ్చేవాళ్లం. రింగు మీద 6204 అని నంబరు ఉంటుంది. చివరి రెండంకెల్ని ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం కొలత వస్తుంది: 20 మిల్లీమీటర్లు. 03 ఉంటే మాత్రం 15 కాదు, 17. నాలుగు నుంచే ఈ లెక్క పని చేస్తుంది. లెక్కల మాస్టారికి ఇది చెప్తే ఆయన కూడా ముచ్చటపడ్డారు. ఇరుసు చివరను చాకుతో ఆ కొలతకి చెక్కి, బేరింగు ఎక్కించి, జారిపోకుండా మేకు కొట్టాలి. ఎక్కించేటప్పుడు సుత్తి దెబ్బ లోపలి రింగు మీదే పడాలి. బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బంతా గుండ్ల మీదుగా పోయి, గుండ్లు తిరిగే గాడిలో గుంటలు పడతాయి. ఇక అది జన్మలో నున్నగా తిరగదు.

ఊళ్లో అయితే అలాంటి చెక్క ఏడాది తిరుగుతుంది. సముద్రం పక్కన నెలకే గరగరలాడేది. ఒక కారణం ఇసుక. భీమిలి ఇసుకలో నల్లగా, ఎర్రగా మెరిసే రేణువులుంటాయి చూడండి. ఎర్రవాటిలో గార్నెట్ ఉంటుంది. ఉప్పు కాగితం తయారీకి వాడే రాయి అది. అది గుండ్ల మధ్య దూరితే ఉక్కుని అరగదీస్తుంది. రెండోది ఉప్పు. బేరింగు ఉక్కులో క్రోమియం నూటికి ఒకటిన్నర వంతు ఉంటుందంతే. తుప్పు పట్టని స్టీలు కావాలంటే కనీసం పదిన్నర వంతులుండాలి. కాబట్టి ఎంత మెరిసినా తుప్పు పడుతుంది.

శుభ్రం చేసే పద్ధతి సైకిల్ షాపాయన చెప్పారు. పక్కన రబ్బరు మూత ఉంటే పిన్నీసుతో మెల్లిగా లేపాలి. కిరసనాయిల్లో నానబెట్టి, పాత టూత్ బ్రష్షుతో తోమితే జిడ్డూ ఇసుకా వదులుతాయి. చాలామంది అక్కడితో ఆపేస్తారు. కానీ ఉప్పు కిరసనాయిల్లో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. అందుకని జిడ్డు పోయాక మంచినీళ్లలో కడిగి, వెంటనే మళ్లీ కిరసనాయిల్లో ముంచి, గుడ్డతో తుడిచి ఎండలో పెట్టాలి. పూర్తిగా ఆరాక గ్రీజు పెట్టాలి. కాస్మెటిక్ చార్జీలతో కొన్న కొబ్బరి నూనె రాద్దామని ప్రతి ఏడూ ఎవడో ఒకడు అనేవాడు. ఆ నూనె డిసెంబరు చలికి సీసాలోనే గడ్డకడుతుంది, బేరింగులో కట్టదా?

పబ్లిక్ పరీక్షలకి సెంటరు రెండు కిలోమీటర్ల అవతల పడింది. దారంతా బీచ్ రోడ్డే, మార్చి గాలికి రోడ్డు మీదికి ఇసుక కొట్టుకొచ్చేది. ఒక్క బేరింగు బిగుసుకున్నా చెక్క ఒక పక్కకే తిరుగుతుంది. భుజాలు నొప్పెక్కుతాయి, తర్వాత గంటల తరబడి పెన్ను పట్టుకోవాలి. అప్పట్లో పదకొండు పేపర్లు. మేము ఎనిమిది బేరింగులు పోగేశాం. నాలుగు బండికుంటే నాలుగు డబ్బాలో నానేవి. సాయంత్రం మార్చేవాళ్లం. పని అయ్యేదాకా లాంతరు దగ్గరికి ఆ డబ్బాని రానిచ్చేవాళ్లం కాదు. తర్వాత ఆ కిరసనాయిలు కంపు చేతులతోనే సోషల్ పుస్తకం తిప్పేవాళ్లం, ఆ పేజీలకి ఇప్పటికీ వాసన ఉండి ఉంటుంది. ఒక్క పేపరుకి కూడా వాడు ఆలస్యంగా చేరలేదు. సెంటరు మెట్ల దగ్గర మాత్రం మమ్మల్ని ఎత్తనిచ్చాడు, అది కూడా బండితో సహా. ఆ మెట్ల మీద మాకు ఇప్పటికీ కోపమే.

వాడు ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు. ఇప్పుడు విశాఖలో మోటార్ల వైండింగు షాపు నడుపుతున్నాడు. ఈ వ్యాసం వాడికి చదివి వినిపించాకే పంపుతున్నాం. పేరు రాయొద్దన్నాడు. ఇంకో మాట కలపమన్నాడు: మీ ఎనిమిదో తరగతి తమ్ముడి వీల్ ఛైర్ ముందు చక్రాలు గట్టిగా తిరుగుతున్నాయని విన్నాం కదా, వాటిలో ఉండేవి 608 నంబరు బేరింగులట, బీచ్ రోడ్డు మీద పిల్లలు తొక్కే స్కేటింగు బోర్డుల్లో ఉండేవే. లోపలి కొలత 8 మిల్లీమీటర్లు, బయటిది 22. నాలుగు కొత్తవి వాడే పంపించాడు. పిన్నీసు, బ్రష్షు, గ్రీజు డబ్బాతో కలిపి స్టోరు గదిలో బియ్యం బస్తాల వెనక అలమారలో పెట్టాం. ఈ ఆదివారం పగలు వెలుతురుండగా మార్చండి, గ్రీజు అయిపోతే కబురు చెయ్యండి.