ఇంటు గుర్తుల స్నేహితుడు

గుంటూరు,
ఏప్రిల్, ఆదివారం

వదినా,

నిన్నటితో పదో తరగతి పేపర్ల స్పాట్ వాల్యుయేషన్ అయిపోయింది. రోజుకు 40 పేపర్లు. వేళ్లకంటిన ఎర్రసిరా ఇంకా వదల్లేదు. నువ్వు రిటైరయ్యాక ఇదే నా మొదటి స్పాట్. నీ కుర్చీలో ఒక కుర్ర మేష్టారు కూర్చున్నాడు. మంచివాడే గానీ, మజ్జిగ ఇస్తే వద్దన్నాడు. అలాంటివాళ్లతో స్నేహం ఎలా కుదురుతుంది?

నీ వాట్సాప్ మెసేజీకి జవాబు టైపు చేయబోయి, ఫోను పక్కన పెట్టి కాగితం తీశాను. ఎందుకో కింద నీకే తెలుస్తుంది.

పోయినేడు టెక్సస్ వాళ్ల స్టార్ పరీక్షలో మీ మనవరాలు వ్యాసం ఒక్క తప్పు లేకుండా రాసినా సున్నా వేశారని, అది మరీ అన్యాయమని రాశావు. నాకూ మొదట అలాగే అనిపించింది. మా అబ్బాయి చేత వివరాలు వెతికించి చదివాక అంత అన్యాయంగా తోచలేదు. అక్కడ పిల్లలకు చదవడానికి ఒక పాఠం ఇచ్చి, దాని మీదే వ్యాసం రాయమంటారు. మొత్తం 5 పాయింట్లు. అందులో విషయానికి, దాన్ని నడిపించిన తీరుకు 3, భాషకు 2. విషయంలో సున్నా వస్తే భాషకిచ్చే ఆ రెండూ కూడా ఎగిరిపోతాయి. పాఠంలో ఏముందో చూపించకుండా పిల్ల తన మనసుకు తోచింది రాసి ఉంటుంది. మన దగ్గరైతే గుండ్రటి దస్తూరీ చూసి సగం మార్కులు వేసేసి ముందుకెళ్లేవాళ్లం. వేశాం కూడా, బుకాయించకు.

మరి దిద్దేది మరపంతులని నవ్వావు కదా, అది మాత్రం నిజమే. 2023 డిసెంబరు పరీక్ష నుంచి ముందు కంప్యూటరే దిద్దుతోందట. సుమారు నాలుగో వంతు జవాబుల్ని మాత్రం మనుషులు మళ్లీ చూస్తారు. మధ్యాహ్నం మూడింటికి, ఫ్యాను కింద, ముప్ఫై ఆరో పేపరు పట్టుకున్నప్పుడు నేను మాత్రం మనిషినేనా అని నాకే అనుమానం వస్తుంది.

పాఠం చదివి అర్థం చేసుకోవడం గురించే ఈ వారమంతా ఆలోచించాను. పిల్లలకు అవగాహన నేర్పుతున్నామని మనం పాతికేళ్లు చేసిందేమిటి? ఈ వాక్యం చూడు: కొరిగలు లేంపలో జిలికాయి. ఇప్పుడు ప్రశ్న: లేంపలో జిలికినవేవి? కొరిగలు. కొరిగలు ఎక్కడ జిలికాయి? లేంపలో. రెండుకు రెండు మార్కులు. కొరిగ అంటే నాకూ తెలియదు, ఇప్పుడే పుట్టించాను. అపరిచిత గద్యానికి మనం నేర్పిన ఉపాయం ఇదే కదా: ముందు ప్రశ్న చదువు, అందులోని మాట పేరాలో ఎక్కడుందో వెతుకు, ఆ వాక్యం దించు. పేరా చదవాల్సిన పనే లేదు. పేపరు చదువుకోమని వాళ్లకు 15 నిమిషాలు అదనంగా ఇస్తున్నారు గానీ, ఆ 15 నిమిషాల్లో కూడా వాళ్లు వెతుకుతారే తప్ప చదవరు. ప్రథమ్ సంస్థ వాళ్లు 2005 నుంచి అసర్ పేరుతో ఊరూరా తిరిగి, పిల్లల చేత రెండో తరగతి స్థాయి కథ చదివించి చూస్తున్నారు. అది చదవగలిగిన పిల్లలు మన చేతికొచ్చాకే కొరిగలూ లేంపలూ మొదలవుతాయి. కొరిగలు ఎందుకు జిలికాయని అడిగితే పిల్ల తెల్లమొహం వేయాల్సిందే. ఆ ‘ఎందుకు’ మాత్రం మనం ఎప్పుడూ అడగలేదు.

ఇక లేఖల సంగతి. పదో తరగతి పరీక్షలో తప్ప ఉత్తరాలు రాసేవాళ్లే లేరు ఈ రోజుల్లో. పేరు, ఊరు బయటపడకూడదు కాబట్టి పైన ఇంటు గుర్తులు, కింద ఇంటు గుర్తులు. ఇంటు గుర్తుల నుంచి ఇంటు గుర్తులకి: నేను ఇక్కడ క్షేమం, నీవు అక్కడ క్షేమమని తలుస్తాను. తర్వాత గైడులోని మూడు పేరాలు. మా ఊరి గ్రంథాలయంలో రోజూ సాయంత్రం రెండు గంటలు చదువుతానని ఒకే రోజు పదకొండు మంది రాశారు. అన్ని ఊళ్లలో అన్ని గ్రంథాలయాలుంటే మనం ఇలా ఎందుకుంటాం!

వాటి మధ్య ఒక పేపరు వచ్చింది. ఏ జిల్లాదో తెలియదు. దస్తూరీ కోడికెలుకు. కుడివైపు పైన ఊరు, తేదీ లేవు. కింద చిరునామా డబ్బా లేదు. ‘ఒరేయ్’ అని మొదలుపెట్టాడు. నువ్వు మిర్చి కోతకి పోయినకాడి నుంచి నీ చోట ఎవర్నీ కూర్చోనీలేదనీ, సారు అటెండెన్సులో నీ పేరు ఇంకా పిలుస్తున్నాడనీ, లెక్కల్లో నువ్వు చూపించిన పద్ధతే ఇప్పటికీ వేస్తున్నాననీ, పరీక్షలయ్యాక నేనూ వస్తాను, కూలి ఎంతిస్తున్నారో కనుక్కోమనీ. మొత్తం పది వాక్యాలు. అందులో నాలుగు పొల్లు తప్పులు.

ఎనిమిదికి ఎన్ని వేయాలి వదినా? వాల్యుయేషన్ ప్రిన్సిపుల్స్ ప్రకారం లేఖ రూపానికి కోత తప్పదు. పక్కనున్న మేష్టారు చూసి నాలుగన్నాడు. నేను ఏడు వేశాను. చీఫ్ ఎగ్జామినర్ పిలిచి అడుగుతారని సాయంత్రం దాకా భయపడుతూనే ఉన్నాను. అడగలేదు. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానన్న ఆలోచన మాత్రం రాత్రంతా నిద్రపట్టనివ్వలేదు.

పిల్లకి ఏం చెప్పమంటావని అడిగావు. వర్క్‌బుక్కులు ఇంకో రెండు కొనకు. రాత్రి కథ చదివాక, కథలోవాడు అబద్ధమాడాడని నీకెలా తెలిసిందే అని అడుగు. పుస్తకంలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించమను. చూపించలేకపోతే ఒప్పుకోకు, పోట్లాడు. స్పాట్ గదిలో నాతో పోట్లాడినట్టే.

ఇంకో పని. ఆ కథ గురించే నాకొక ఉత్తరం రాయించు. నేనది చదవలేదు కాబట్టి, చదవని మనిషికి అర్థమయ్యేలా రాయాలని చెప్పు. ఇంగ్లీషైనా సరే, తెలుగైనా సరే. నాకు అర్థం కాని చోటల్లా ప్రశ్నలు రాసి తిప్పి పంపుతాను, మార్కులు వేయను. చిరునామా పిన్‌కోడుతో సహా కవరు వెనక రాశాను. ‘ప్రియమైన’ తర్వాత ఇంటు గుర్తులు మాత్రం పెట్టొద్దను.

నీ
వదిన