ఎర్రర్ పోవాలని ఫీల్డులు తీసేయకండి

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మన కోయ మాటల వెబ్‌సైట్‌ని కొత్త సర్వర్‌కి మారుస్తున్నాం కదా. కాన్ఫిగరేషన్ ఇంపోర్ట్ దగ్గర డ్రూపల్ ఆగిపోయింది. పారాగ్రాఫ్స్ మాడ్యూల్ ఇక్కడ లేదు, ఇన్‌స్టాల్ చేయలేనంటోంది.

"కోర్ ఎక్స్‌టెన్షన్ ఫైల్లో ఆ లైను తీసేద్దాం అన్నా" అని ఒక తమ్ముడు అడిగాడు. తీస్తే ఏమవుతుంది? ఆ మాడ్యూల్ మీద ఆధారపడ్డ ఫీల్డుల పేర్లు చెప్పి మళ్లీ ఆపుతుంది. అవీ తీస్తే, వాటిని చూపించే డిస్‌ప్లే ఫైళ్ల వంతు. చివరికి ఎర్రర్ పోతుంది నిజమే. దాంతోపాటు అవ్వలు చెప్పిన మాటలు, వాళ్ల గొంతు పెట్టుకునే చోటు కూడా పోతుంది. ఎండాకాలం సెలవుల్లో గూడేలన్నీ తిరిగి రికార్డ్ చేసింది ఇందుకా?

ఇంపోర్ట్ సెట్టింగులనే తెస్తుంది, మాడ్యూల్ కోడ్‌ని తేదు. హాస్టల్ మెనూ బోర్డు మీద గుడ్డు అని రాసినంత మాత్రాన ప్లేట్లోకి వస్తుందా! కోడ్ కంపోజర్‌తో తెచ్చుకోవాలి. లాప్‌టాప్‌లో కంపోజర్ రిక్వైర్ కొట్టి పారాగ్రాఫ్స్ చేర్చండి. దానికి కావాల్సిన ఎంటిటీ రిఫరెన్స్ రివిజన్స్ కూడా వెంటే వస్తుంది. కంపోజర్ జేసన్, లాక్ ఫైళ్లు రెండూ గిట్‌లో పెట్టండి. సర్వర్‌లో కంపోజర్ ఇన్‌స్టాల్ చేశాకే డ్రష్‌తో ఇంపోర్ట్.

ఇలా ఆగినందుకు భయం అక్కర్లేదు, ఈ తనిఖీ మార్పుల కంటే ముందే జరుగుతుంది. నా బెంగ వేరే. ఎక్కించిన మాటలు డేటాబేస్‌లో, ఆడియోలు ఫైళ్ల ఫోల్డర్‌లో ఉన్నాయి. కాన్ఫిగరేషన్‌తో అవి రావు. పాత హోస్టింగ్ ఈ నెలాఖరు వరకే. బ్యాకప్‌కి ఆదివారం ఇద్దరు రండి, పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి.