ఏ పట్టణమునకు పోవలెను?

ఆకివీడు చూడని సోదరీమణులకు ముందుగా మా యూరిని గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. భీమవరమునుండి గుడివాడకు పోవు రైలుదారిలో, ఉప్పుటేటికి ఈవలి వైపున నున్నది మా యూరు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు తెచ్చు నీరెల్ల కొల్లేటిలో నిలిచి, అందుండి సముద్రమునకు పోవు దారి ఈ ఉప్పుటేరే. ఏరు దాటినచో కైకలూరు సీమ. 2022వ సంవత్సరము ఏప్రిలులో జిల్లాలను విడదీసినప్పుడు కైకలూరు ఏలూరు జిల్లాలోనికి పోయినది. మేము పశ్చిమగోదావరిలోనే మిగిలితిమి. ఒకప్పుడు వరిచేలున్న చోట నిప్పుడు ఎటు చూచినను చేపల చెరువులు, రొయ్యల చెరువులు. బొచ్చెలను, శీలావతులను ఐసు ముక్కల నడుమ పేర్చుకొని లారీలు కలకత్తా దారి పట్టును. మావారు బడిలో విరాటపర్వపు కథ చెప్పుచు మత్స్యదేశమనగానే, వెనుక బల్లమీది పిల్లవాడొకడు “అంటే మన ఊరేనాండి మాస్టారూ?” అని యడిగెనట.

ఈ మత్స్యదేశమును విడిచి మా ఆడపడుచు ఒంటరిగా వేరొక పట్టణమునకు పోయినది. ఆ పట్టణమును ఎన్నుకొనుటకై మేమిద్దరము చేసిన ప్రయాణములను గూర్చి వ్రాయుచున్నాము.

ఆమెకు ముప్పదియొకటవ యేడు. బి.యస్సీ. చదివినది. నాలుగేండ్ల క్రిందట భర్త గతించెను, సంతానము లేదు. అప్పటినుండి మా యింటనే యుండి, చెరువుల నీటిని, రొయ్యపిల్లలను పరీక్షించు ఒక ల్యాబులో పనిచేయుచుండెను. రైతులు సీసాలలో నీరు పట్టి తెత్తురు. అందు ఉప్పెంత, అమ్మోనియా యెంత, పిల్లలో తెల్లమచ్చల తెగులున్నదా లేదా యని చూచి చెప్పుట ఆమె పని. ఆమె వ్రాసి యిచ్చిన కాగితమును బట్టి లక్షల రూపాయల చెరువు నిలుచుటయో పోవుటయో యుండును. అట్టి మనిషిని ఊరివారు చూచు చూపు వేరు. సంతలో వంకాయలమ్ము ముసలమ్మ సైతము రెండు కాయలు కొసరు వేసి “పాపం” అనును. ఆ కొసరు మా కూరలోనికి వచ్చెడిది. ఆ మాట ఆమెకు గుచ్చుకొనెడిది. పేరంటమునకు చాలమంది పిలువరు. పిలిచినవారు బొట్టుపెట్టు వేళకు తడబడుదురు. ఎవరిలోను చెడ్డతనము లేదు. అదియే కష్టము. కోపగించుకొనుటకైన ఒకరు దొరకరు.

గత మాఘమాసమున నొకరాత్రి భోజనములైన పిమ్మట, “వదినా, నన్నెవరూ ఎరగని ఊరొకటి చెప్పు. అక్కడ పని చేసుకుని బతుకుతాను” అని యడిగెను. మేము వెంటనే బదులు చెప్పలేదు. నిజము చెప్పుకొనవలెనన్న, మాకు కలిగిన భయములో సగము స్వార్థము. చిన్ననాడు మా తండ్రిగారు మాకు చదువుచెప్పిన భారత భాగవతములను ఈ యింట మాతో కూర్చుండి చదువువారు ఆమె తప్ప వేరొకరు లేరు. మావారికి బడి పిల్లలతోనే గొంతు పోవును.

మావారు ఏలూరన్నారు. ఏలూరు పెద్ద పట్టణమే, తివాచీలకు పేరుపడినది, పూట ప్రయాణము కూడ కాదు. కాని అచట మాకు వీధికొక బంధువు. పాపమను మాట ఆమెకంటె ముందే బస్సెక్కి పోయి అచట కూర్చుండును. పోనీ తాడేపల్లిగూడెమన్నారు. ఆమె నవ్వి, గూడెము పకోడీలకు పోవచ్చును గాని కాపురమునకు వలదనెను.

ఆలోచించి చూడగా విరాటపర్వారంభమున పాండవులకు వచ్చిన చిక్కు ఇట్టిదే. తమ్మెరుగని పట్టణమొకటి కావలెను. అర్జునుడు పాంచాలము, చేది, శూరసేనము మొదలుగా దేశముల పేర్లు చెప్పును. ధర్మరాజు వానిలో మత్స్యమును ఎన్నుకొనుటకు కారణము ఆ పట్టణపు సొగసు కాదు. విరాటుడు ధర్మశీలుడు, దాత, వృద్ధుడు అని. ఊరినిగాక ఊరిలో ఆశ్రయమిచ్చువారిని చూచుకొనిరన్నమాట. ద్రౌపది ఇంకొక మెట్టు పైకి పోయెను. మాసిన చీర కట్టి ఒంటరిగా వీధిని పోవుచున్న ఆమెను సుదేష్ణ మేడమీదినుండి చూచి పిలిపింపగా, ఎంగిలి ముట్టననియు, ఒకరి కాళ్ళు కడుగననియు మాట తీసికొనిన పిమ్మటగాని కొలువున చేరలేదు. అంత మాట తీసికొన్నను కీచకుని బెడద తప్పలేదు. ఆ సంగతియు మేము మరువలేదు.

మా ఆడపడుచు కాగితము తీసి తన షరతులు వ్రాసికొనెను. రాత్రి బండి ఎక్కినచో తెల్లవారుసరికి ఇల్లు చేరగల దూరముండవలెను. జీతములో సగము మిగులవలెను. బసకు తాళపుచెవి తనచేత నుండవలెను.

మా ప్రాంతపు ఆడువారు ఒంటరిగా దూరదేశము పోవుట క్రొత్తకాదు. గోదావరి జిల్లాలనుండి ఇంటిపనికై కువైటుకు, మస్కటుకు పోయిన తల్లులెందరో కలరు. ఇంటిపనికి ఆ దేశములకు పోవు స్త్రీకి ముప్పదియేండ్లు నిండియుండవలెనని మన ప్రభుత్వము నియమము చేసినది. కాని ఏ ఊరు, ఏ యిల్లు అనునది నిశ్చయించువాడు ఏజెంటు. విమానము దిగిన పిమ్మటగాని వారికి ఊరిపేరు పలుకుట రాదు. మా వీధిలో పండ్రెండేండ్లు కువైటున నుండి వచ్చిన ఆమెను సలహా అడిగితిమి. “ఊరు చూసి ఏం చేస్తారమ్మా? పడుకునే గదికి లోపల గడియ ఉందో లేదో చూసుకోండి” అనెను. ఇంతకంటె పనికివచ్చు మాట మాకు మరెవరును చెప్పలేదు.

మొదట విశాఖపట్నము చూడ బయలుదేరితిమి. భీమవరము మీదుగా బస్సున గూడెము చేరి, అచట మద్రాసు హౌరా లైనులో రైలెక్కితిమి. గోదావరి వంతెనమీద ఇద్దరము చెరియొక రూపాయి నీటిలో వేసితిమి. ఏమి కోరుకొంటివని ఆమెను అడుగలేదు. మా కోరిక మాత్రము ఆమె విశాఖలో నిలువవలెనని.

నిజముగా మాకు ఆ పట్టణము నచ్చినది. కొల్లేటి బురదయొడ్డులకు అలవాటుపడిన కన్నులకు కొండ తిన్నగా సముద్రములోనికి దిగుట వింతగా నుండెను. సింహాచలమున స్వామిని సేవించితిమి. వాల్తేరున విశ్వవిద్యాలయపు దారిని పోవునప్పుడు దుర్గాబాయిగారి కథ ఆమెకు చెప్పితిమి. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆ తల్లి వాల్తేరున చదువదలచి వచ్చినప్పుడు ఆడుపిల్లలకు వసతిగృహము లేదని చేర్చుకొనుటకు సందేహించిరి. ఆమె తనవంటి పిల్లలను కొందరిని కూర్చుకొని, వసతి తామే ఏర్పరచుకొని చదువు సాగించెను. తరువాత మద్రాసున న్యాయశాస్త్రము చదివి, రాజ్యాంగసభలో కూర్చుండెను. బసలేని ఊరిలో బసను కల్పించుకొనువారు కొందరు. మనవంటివారికి అంత శక్తి లేదు. అందుచేతనే ఉద్యోగము చేయు స్త్రీలకు హాస్టళ్ళు కట్టించుటకు కేంద్రప్రభుత్వము 1972-73లో పథకము పెట్టినది. అవి చాలనిచోట ప్రైవేటు హాస్టళ్ళు వెలసినవి.

విశాఖలో మేము చూచిన హాస్టలు శుభ్రమైనది. దానిని నడుపునామె మంచి మనిషి. మాకు కాఫీ ఇచ్చి, మా ఆడపడుచును మీవారేమి చేయుదురని అడిగి, సంగతి తెలిసి కన్నులు తుడుచుకొని, “పాపం, ఇంత చిన్న వయసులో” అనెను. మేము ఆమెవంక చూడలేదు. మరునాడు రొయ్యలను ఎగుమతిచేయు కంపెనీలో ఉద్యోగపు మాటలకు పోగా, అచటి పెద్ద “ఆకివీడా!” అని సంతోషించి, అప్పటికప్పుడే మా యూరి చెరువుల యజమాని నొకనికి ఫోను చేసి, మీ యూరి అమ్మాయి వచ్చినదని చెప్పెను. ఉద్యోగమిచ్చుటకు సిద్ధపడెను కూడ. సాయంకాలము ఇసుకలో కూర్చుండి మేము విశాఖను పొగడుచుండగా ఆమె, “ఇది ఆకివీడే వదినా. కాకపోతే నీళ్ళు ఎక్కువ” అనెను.

తక్కినవానిలో బెంగుళూరు మొదటి షరతుచేతనే తొలగినది. చెన్నపట్టణము గూర్చి రెండు దినములు మాటలాడుకొని, భాష రాని చోట మొదటి నెలలోనే జబ్బుచేసిన ఏమగునని వదలితిమి. హైదరాబాదు మిగిలెను. నరసాపురమునుండి అచటికి పోవు రాత్రి బండి మా యూరి మీదుగానే పోవును.

హైదరాబాదు మాకు నచ్చలేదని ముందే చెప్పుచున్నాము. అమీరుపేటలో ఒక్కొక్క వీధికి పది ఆడపిల్లల హాస్టళ్ళు. గోడలనిండ బోర్డులు, మెట్లనిండ చెప్పులు. మేము ఆరు చూచితిమి. కువైటు తల్లి మాట మనసునందుంచుకొని ప్రతిచోటను మొదట తలుపు గడియ వేసి చూచితిమి. తరువాత స్నానాలగదిలో కుళాయి త్రిప్పి చూచితిమి. వంటయింటిలోనికి పోయి పప్పు వాసన చూచితిమి. ఒకచోట మేము గడియ వేయుట చూచి అచటి పిల్లలు నవ్విరి. నాలుగింటిలో గడియలు వదులు. అయిదవదానిలో గడియ గట్టిది గాని నీరు లేదు. ఆరవది మూడవ అంతస్తు. గదికి మూడు మంచములు, మూడు బీరువాలు, ఎవరి తాళము వారిది. యజమానురాలు తలయెత్తక, ఆధారు కాగితము, ఒక నెల అడ్వాన్సు, రాత్రి పదింటికి గేటు మూయుట, ఈ మూడు మాటలు చెప్పి ఫోను చూచుకొనసాగెను. పేరడిగెను గాని ఊరడుగలేదు. పెండ్లి అయినదా యని అడుగలేదు. మంచినీళ్ళు త్రాగుదురా యని కూడ అనలేదు. మాకు మిక్కిలి కష్టము తోచెను. మెట్లు దిగుచు, ఇట్టి రాతిమనిషి పంచను నిన్ను వదలనంటిమి. ఆమె ముఖము చూడగా ఎన్నడు లేని తేటదనము కనిపించెను. “ఏమీ అడగలేదు వదినా” అనెను. మేము నిందగా తలచినదే ఆమె వరముగా తలచినది.

మరునాడు నాచారమున ఒక ల్యాబులో మాటలకు పోవలసియుండెను. మేము తోడు వచ్చెదమనగా వలదనెను. 2017 నవంబరులో ఆరంభమైన మెట్రోరైలు అమీరుపేటనుండి నాగోలుకు పోవును; పెట్టెలో స్త్రీలకు వేరుగా చోటున్నది; హబ్సిగూడలో దిగి ఆటో ఎక్కవలెను. దారి మాకు చెప్పి, 181 అను సహాయపు నంబరు తన ఫోనులో చూపి, పోయెను. మేము ఆ మూడవ అంతస్తు మంచముమీద కూర్చుంటిమి. పది గంటలు, పదకొండు గంటలు. ఫోను చేతబట్టి మూడు మారులు ఆమె పేరు తెరచి మూసితిమి. చేసినచో మాకు నెమ్మది కలుగును. ఆమెకు మాత్రము వదిన వెంటవచ్చినట్లే యగును. ప్రక్క మంచపు పిల్ల నిద్రలేచి, మమ్ము చూచి, “కొత్తగా చేరారా ఆంటీ?” అని యడిగెను. మేమును హాస్టలున చేరినట్లే తలచెను కాబోలు. ఆనాడు మాకు నవ్వు రాలేదు. ఇప్పుడు వ్రాయుచు నవ్వుచున్నాము.

పండ్రెండున్నరకు వచ్చెను. చెమట పట్టియున్నది. రైలులో పోవునప్పుడు ఒక స్టేషను దాటిపోయి వెనుకకు వచ్చినదట. “ఇచ్చారు వదినా. నీళ్ళు పరీక్షించే పనే. తాగే నీళ్ళు” అనెను. జీతము విశాఖవారు చెప్పినదానికంటె మూడువేలు తక్కువ. హాస్టలు ఖర్చు పోగా సగము మిగులదని మేము లెక్కవేసి చూపితిమి. ఆమె తన కాగితము తీసి రెండవ షరతు కొట్టివేసెను.

వైశాఖమున, కొత్తావకాయ జాడీల కెత్తిన వారమునకు బయలుదేరెను. మావారు స్టేషనులో కడసారిగా ఏలూరన్నారు. బండి రెండు నిమిషములు గూడ ఆగలేదు.

మొదటి ఆదివారము ఫోను చేసెను. ప్రక్క మంచపు పిల్లది ఆదిలాబాదు వైపట. “మీది ఏ ఊరక్కా?” అని యడిగినదట. ఆకివీడనగా ఎక్కడనెనట. కొల్లేరు ప్రక్కన అని చెప్పగా, కొల్లేరంటే ఏమిటక్కా అని యడిగెనట. అది చెప్పి మా ఆడపడుచు గట్టిగా నవ్వెను. ఆవకాయ ఆ పిల్లకు నచ్చినదనియు, ఇంకొక సీసా పంపవలెననియు చెప్పెను. మేము విరాటపర్వము ఎచట ఆపితిమో అచటనే గుర్తు పెట్టి యుంచితిమి. దసరాకు వచ్చినప్పుడు చదువుకొందము.