గజేంద్రుని సందేహము

అమ్మకు మూత్రపిండములు రెండును చెడినది మొదలు, వారమునకు మూడు మారులు, మారునకు నాలుగేసి గంటలు, డయాలిసిస్ యంత్రము ప్రక్కన కూర్చుండి, ఆమె కోరిక మేరకు విష్ణుసహస్రనామము చదువుచున్నాను. నోరు నామములను పలుకుచునే యుండును. మనస్సు మాత్రము, ఎన్నడును ఒకరికి కీడు తలపెట్టని ఈ తల్లికి ఇంత యాతన యేలయని ఆ నామములు గలవానినే నిలదీయుచుండును. పూర్వజన్మ కర్మమని సరిపెట్టుకొమ్మని బంధువులు చెప్పుదురు. కన్నతల్లి మంచమున ముడుచుకొని పడియుండగా ఆ మాట నాకు క్రూరముగనే తోచును.

పోతనామాత్యుని భాగవతమున, అష్టమ స్కంధములో, గజేంద్రుడు మొరలిడుచునే, నడుమ దేవుడు అసలు కలడో లేడోయని సంశయించును. బాల్యమున కంఠస్థము చేసిన ఆ ఘట్టమున నేడు నన్ను పట్టి నిలుపునది ఆ సంశయ మొక్కటియే. స్వామి పరుగున వచ్చు పద్యముల దాక పోవుటకు మనసొప్పదు.

అమ్మ ముంజేతిలో ధమనిని సిరతో కలిపి కుట్టిన చోట వ్రేళ్లు మోపినచో, చర్మము క్రింద నెత్తురు జుమ్మని అదరును. ఆ అదురు ఆగరాదు. దినదినము చూచుకొనవలెనని నర్సు చెప్పినది. నిన్న ఉదయము అట్లు చూచుచు, చదువుచున్న నామముల నడుమ మౌనినైతిని. "ఆగిపోయావేంరా? చదువు నాయనా" అన్నది అమ్మ. చదివితిని, ఆమె కొరకు.

నమ్మకము సడలిన నోటితో, నమ్మినవారి కొరకు చదివినది ప్రార్థన యగునా? ఈ స్థితిని అనుభవించిన మిత్రులెవరైన నున్నచో, దయచేసి చెప్పుడు.