లేత్ మీది అదురు, తెర మీది నాడి

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకకు వచ్చేవారి చూపు లక్కబొమ్మల రంగుల మీదే నిలుస్తుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళకు, సహజ రంగుల కోసం శ్రమించి 2023లో పద్మశ్రీ అందుకున్న సి.వి. రాజు కృషికి అది తగిన మర్యాదే. నాడుల్లో అమర్చిన ఎలక్ట్రోడ్లకు అందే విద్యుత్ సంకేతాలను కంప్యూటర్‌లో అనుకరించి చూపే వెబ్ ఇంటర్‌ఫేస్‌ను రూపొందించేవారు మాత్రం ఇక్కడ ముందుగా కళాకారుని వేళ్లను గమనించాలి.

లేత్‌కు బిగించిన అంకుడు కర్ర తిరుగుతుండగా ఉలి ఆనించగానే సన్నని పొట్టు లేస్తుంది. కర్ర కాస్త ఓరగా బిగిసినా ఆ అదురు పిడి గుండా వేళ్లకు చేరి, చేతి పట్టు తనంతట తానే సర్దుకుంటుంది. నిమిషానికి 1200 చుట్లు తిరిగే కర్ర ఓరగా ఉంటే సెకనుకు 20 సార్లు అదురుతుంది. ఈ స్థాయి కంపనాలను పట్టేవి వేలికొనల చర్మంలోని మైస్నర్ కణికలనే స్పర్శగ్రాహకాలు కాగా, సెకనుకు 200 దాటిన వడి కంపనాలు లోతున ఉండే పాసినియన్ కణికల వంతు.

1960ల్లో స్వీడన్‌లోని ఉప్సాలాలో హాగ్‌బార్త్, వాల్‌బో అనే శాస్త్రవేత్తలు మెలకువగా ఉన్న మనిషి నాడిలోకి సన్నని టంగ్‌స్టన్ సూదిని దించి, ఒక్కొక్క నాడీ తంతువు సంకేతాన్ని నమోదు చేసే పద్ధతిని నెలకొల్పారు. ఆ సూదిని బొమ్మలు చేసే చేతిలో గుచ్చనక్కర లేకుండానే, చర్మంపై పడే ఒత్తిడిని, కంపనాన్ని అందిస్తే ఏ తంతువు ఎప్పుడు స్పందిస్తుందో లెక్కగట్టే టచ్‌సిమ్ వంటి నమూనాలు 2017 నాటికి వచ్చాయి. విద్యార్థుల కోసం తయారయ్యే ఇంటర్‌ఫేస్‌లు సాధారణంగా 1952 నాటి హాడ్జ్‌కిన్, హక్స్‌లీ సమీకరణాల అంకెలతో మొదలవుతాయి. కణత్వచంలోని అయాన్ ద్వారాలను వివరించడానికి అవి సరిపోతాయి గాని, ఆ అంకెలను మార్చి చూసిన విద్యార్థికి వేలికి ఏం తగిలిందో తెలియదు. ఇంటర్‌ఫేస్‌లో జరిపే మొదటి మీట ఉలి ఒత్తిడిదీ, రెండవది లేత్ వేగానిదీ అయితే పాఠం చేతి నుంచే మొదలవుతుంది.

మూడవ మీట ఎలక్ట్రోడ్ స్థానానిది. తంతువు నుంచి ఎలక్ట్రోడ్ జరిగేకొద్దీ సంకేతం సన్నగిల్లి, పక్క తంతువుల సందడిలో, కండరాల విద్యుత్తులో కలిసిపోతుంది కనుక, రొదను తుడిచేసి నున్నని గీత చూపే తెర విద్యార్థిని మోసగించినట్టే. ఎలక్ట్రోడ్ చుట్టూ ఏర్పడే విద్యుత్ క్షేత్రపు భారీ లెక్కను సర్వర్‌లో ముందే ఒకసారి చేసి దాచి, మీట జరిపినప్పుడు మిగిలిన గుణకారాలను బ్రౌజర్‌కే వదిలితే, మామూలు ల్యాప్‌టాప్‌పైన కూడా గీత వెంటనే మారుతుంది.

కర్ర నునుపు తేలాక కళాకారుడు లక్క కడ్డీని అదిమిపెడితే, రాపిడి వేడికి లక్క కరిగి పూతగా పరుచుకుంటుంది; ఆపైన మొగలి ఆకుతో మెరుగు పెడతారు. అదురుతో పాటు వెచ్చదనమూ వేలికి తగిలే ఇక్కడే తెరకు చిక్కు వస్తుంది: సెకనుకు 50 మీటర్ల వేగంతో సాగే స్పర్శ సంకేతం వేలికొన నుంచి మోచేతికి, అంటే 40 సెంటీమీటర్లు, 8 మిల్లీసెకన్లలో చేరగా, వెచ్చదనాన్ని మోసే సన్నని సి-తంతువుల్లో సెకనుకు మీటరు చొప్పున కదిలే సంకేతానికి 400 మిల్లీసెకన్లు పడుతుంది. రెండింటినీ ఒకే కాలరేఖపై ఇరికిస్తే స్పర్శ ఒక చుక్కగా నలిగిపోతుంది గనుక, ఒకే ఎలక్ట్రోడ్ నమోదుకు వేగం వేరైన రెండు కిటికీలను పక్కపక్కనే తెరవాలి.