దొరల బడికి దరఖాస్తు

ఆడపిల్లకి సంబంధం చూడటం కంటే కష్టమైన పని లోకంలో మరొకటి లేదని మొన్నమొన్నటి దాకా నా అభిప్రాయం. మస్కట్‌లో మా అమ్మాయి దగ్గర మూడు నెలలుండి వచ్చాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను. పిల్లవాణ్ణి ఇంగ్లండులో హాస్టలు బడిలో వేయాలనుకోవడం ఉంది చూశారూ, దాని ముందు పది సంబంధాలు చూడటం ఒక లెక్కలోది కాదు.

మా అల్లుడుగారి ఉద్యోగం ఒకచోట నిలిచేది కాదు. మూడేళ్ళకో దేశం. మనవడు బుజ్జిగాడు పదేళ్ళు నిండకుండానే మూడు బళ్ళు మారాడు. పెద్ద క్లాసుల్లోకొచ్చాక కూడా ఇలాగే ఊళ్ళు తిరుగుతుంటే చదువు చట్టుబండలవుతుందనీ, పదమూడో ఏట ఇంగ్లండు బోర్డింగు స్కూల్లో వేసేస్తే కాలేజీ దాకా చూసుకోనక్కర్లేదనీ మొగుడూ పెళ్ళామూ నిశ్చయించుకున్నారు. ఫీజులో కొంత కంపెనీయే ఇస్తుందిట.

నేను దిగిన రోజున గోంగూర పచ్చడి సీసా ఫ్రిజ్జులో పెడదామని వెళితే, తలుపు మీద ఇంత పెద్ద చార్టు! గళ్ళు గీసి, ఎర్ర సిరాతో కొన్ని, పచ్చ సిరాతో కొన్ని తేదీలు.

"ఇదేమిటే, పంచాంగమా?" అన్నాను.

"బుజ్జిగాడి అడ్మిషనమ్మా."

"వాడు చేరేది పదమూడో ఏట కదే! ఇంకా మూడేళ్ళ పైన ఉందిగా?"

"అప్పుడే ఆలస్యమైందేమోనని నా భయం" అంది.

నిజమేనండీ. ఆ స్కూళ్ళలో చాలావాటికి పిల్లవాడు ఇయర్ ఫైవ్‌లో ఉండగానే, అంటే తొమ్మిది పదేళ్ళకే, పేరు నమోదు చేయించాలి. ఆ రుసుము సీటు వచ్చినా రాకపోయినా తిరిగివ్వరు. ఇయర్ సిక్స్‌లో కంప్యూటరు మీద ఒక పరీక్ష. ఇంగ్లీషు, లెక్కలు, మాటలతో తర్కం, బొమ్మలతో తర్కం, నాలుగు భాగాలు. పిల్లవాడు సరిగ్గా చెబుతున్నకొద్దీ ప్రశ్నలు కష్టమవుతాయిట. అందులో గట్టెక్కితే ఇంటర్వ్యూ. అదీ అయితే, సీటిస్తామని ఉత్తరం. ఆపైన డిపాజిట్టు. మన పెళ్ళిళ్ళలో కూడా చూపులకీ తాంబూలాలకీ మధ్య ఇంత తతంగం లేదు.

పైగా వాటిని 'పబ్లిక్ స్కూళ్ళు' అంటారు. పబ్లిక్ అంటే అందరిదీ అనుకునేరు. డబ్బు కట్టుకోగలవాళ్ళందరిదీ అని దాని అర్థం! ఈటన్ అనే బడిని 1440లో ఆరో హెన్రీ రాజు డెబ్భైమంది పేద విద్యార్థుల కోసం పెట్టాడట. ఇప్పుడు పేరున్న బోర్డింగు బళ్ళలో ఏడాది ఫీజు యాభైవేల పౌన్లు దాటిపోతోంది. పౌను వంద రూపాయల పైమాటే కదా, అంటే అరకోటి! 2025 జనవరి ఒకటి నుంచి దానిమీద నూటికి ఇరవై చొప్పున పన్ను కూడా వేశారు. 'కంపెనీ ఇచ్చే కొంత' ఎంత కొంతో అల్లుడుగారు రోజూ రాత్రి కాగితం మీద లెక్క వేసుకునేవారు.

వయసు సంగతి మరీ విచిత్రం. వాళ్ళకి సంవత్సరం సెప్టెంబరు ఒకటిన మొదలు. ఆ రోజు నుంచి మర్నాటి ఆగస్టు ఆఖరు దాకా పుట్టినవాళ్ళంతా ఒక క్లాసు. మావాడు ఆగస్టు ఇరవయ్యెనిమిదిన పుట్టాడు. ఇంకో నాలుగు రోజులు ఆగి పుడితే క్లాసులో అందరికంటే పెద్దవాడయ్యేవాడు, ఇప్పుడేమో అందరికంటే చిన్నవాడు. ఆపరేషనుకి ముహూర్తం పెట్టించింది నేనే! పంతులుగారు తిథి చూశారు, నక్షత్రం చూశారు గానీ, సెప్టెంబరు ఒకటో తేదీ మహిమ ఆయనకేం తెలుసు? పరీక్షలో మార్కులు వయసుని బట్టి సరిచేస్తారులే అని మా అమ్మాయి చెప్పాక గానీ నా మనసు కుదుటపడలేదు.

ఇదంతా తమాషాగానే ఉండేది, 'గార్డియన్' అనే గడి దగ్గరికి వచ్చేదాకా.

తల్లిదండ్రులు పరదేశంలో ఉంటే, ఇంగ్లండులోనే ఉండే గార్డియన్ ఒకరు కావాలంటాయి ఆ స్కూళ్ళు. టర్ము మధ్యలో వారం సెలవులిస్తారు. కొన్ని శనాదివారాలు హాస్టలు మూసేస్తారు. ఏ జబ్బో చేస్తే ఇంటికి తీసుకెళ్ళమంటారు. అప్పుడు పిల్లవాడు ఎక్కడికి పోవాలి? చుట్టాలు లేనివాళ్ళ కోసం డబ్బు తీసుకుని గార్డియన్లుగా ఉండే సంస్థలున్నాయి. వాళ్ళు ఏదో ఒక కుటుంబంలో ఆ నాలుగు రోజులూ ఉంచుతారు.

"జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేయడానికి కూడా కాంట్రాక్టేనా?" అన్నాను. అనకుండా ఉండవలసింది. మా అమ్మాయి మాట్లాడకుండా లేచి వెళ్ళి గిన్నెలు సర్దుకుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎప్పుడో చదివింది గుర్తొచ్చింది. అరవిందుల తండ్రి 1879లో ముగ్గురు కొడుకుల్ని మాంచెస్టరులో ఒక పాదిరీగారింట్లో వదిలి వచ్చాడు. భారతీయులతో పరిచయమే కలగనివ్వవద్దని చెప్పి మరీ వచ్చాడట. అరవిందుడికి అప్పటికి ఏడేళ్ళు. తిరిగొచ్చింది 1893లో, ఇరవై ఏళ్ళ యువకుడై. ఈలోగా తండ్రి పోయాడు. సొంత భాషని పెద్దయ్యాక కూర్చుని నేర్చుకోవలసి వచ్చింది. గొప్పవాడయ్యాడు, నిజమే. ఆ ఏడేళ్ళవాడు మొదటి రాత్రి ఎవరి పక్కన పడుకున్నాడో మాత్రం నేను చదివిన పుస్తకంలో లేదు.

మంచినీళ్ళకని లేస్తే వంటింట్లో దీపం వెలుగుతోంది. మా అమ్మాయి దరఖాస్తు ముందు పెట్టుకుని కూర్చుంది. 'మీ పిల్లవాడి గురించి మీ మాటల్లో' అని ఒక గడి ఉందట. గంట నుంచీ ఒక్క ముక్క రాయలేకపోయింది.

"నిన్ను పంపినప్పుడు ఇన్ని కాగితాలు లేవే. ఒక దరఖాస్తు, ఒక ట్రంకుపెట్టె, అంతే" అన్నాను, నవ్విద్దామని.

నేనూ పంపానండీ. మా ఊళ్ళో హైస్కూలు బాగాలేదని, పదకొండో ఏట దాన్ని వంద కిలోమీటర్ల దూరంలో ఒక బాలికల హాస్టలు స్కూల్లో వేశాం. రెండో ఆదివారం నాడు చూడనిచ్చేవారు. సున్నుండల డబ్బా పట్టుకుని బస్సులో వెళ్ళేదాన్ని. ఎప్పుడు వెళ్ళినా నవ్వుతూ ఎదురొచ్చేది, నవ్వుతూ పంపించేది. 'మా పిల్ల భలే అలవాటు పడిపోయిందమ్మా' అని వీధి వీధంతా చెప్పుకున్నాను.

"నువ్వు ఏడిస్తే బస్సులో అందరూ చూస్తారని నవ్వేదాన్నమ్మా" అంది, కాగితం మీంచి తలెత్తకుండా.

నేను కుర్చీలో కూర్చుండిపోయాను.

"ఉత్తరాలు వార్డెను చదివాకే పోస్టు చేసేవారు. అందుకని ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను, అంతే రాసేదాన్ని."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేమే?"

"చెప్పి ఏం లాభం? అక్కడ చదివాను గనకే ఈ ఉద్యోగం వచ్చింది. పంపడం తప్పని ఎప్పుడూ అనుకోలేదు." కాసేపాగి అంది, "కానీ నన్ను అడగలేదమ్మా. పెట్టె సర్దాక చెప్పారు."

ముప్ఫై ఏళ్ళ కిందటి మాట. పెట్టెకి కొత్త తాళం కొన్నాను, పేరు పెయింటుతో రాయించాను, దుప్పటి అంచు మీద దారంతో నంబరు కుట్టాను. దాన్ని అడగాలని మాత్రం తోచలేదు. ఆ రోజుల్లో పిల్లల్ని అడిగేదెవరు అని సర్దిచెప్పుకోవచ్చు. ఆ రాత్రి ఆ సమాధానం నాకే సరిపోలేదు.

"ఆ చార్టులో ఇన్ని గళ్ళున్నాయి కదా, వీణ్ణి అడిగావా?" అన్నాను.

అది నా మొహంకేసి చూసింది.

మర్నాడు శుక్రవారం, అక్కడ సెలవు. పెసరట్లు వేసి, అందరం చుట్టూ కూర్చుని బుజ్జిగాణ్ణి అడిగాం. ముందు వాడు నమ్మలేదు. "నేను వద్దంటే మానేస్తారా?" అన్నాడు. మానేస్తామంది వాళ్ళమ్మ. అప్పుడు కాగితం తెచ్చుకుని తనే ప్రశ్నలు రాశాడు. క్రికెట్టు మైదానాలెన్ని? చారన్నం ఎప్పుడైనా పెడతారా? రాత్రి నిద్ర పట్టకపోతే ఎవర్ని లేపాలి? అమ్మకి ఏ టైములో ఫోను చేయొచ్చు? నచ్చకపోతే తిరిగి వచ్చేయవచ్చా?

ఆఖరి ప్రశ్నకి బడిని అడగనక్కర్లేదు, నిబంధనల్లోనే ఉంది. ఒక టర్ము ముందుగా నోటీసివ్వకుండా మానేస్తే ఆ టర్ము ఫీజు కట్టాలి. లెక్కల మనిషి గదా, అల్లుడుగారు ఏమంటారోనని నేను ఊపిరి బిగబట్టాను. ఆయన పెసరట్టు ముక్క తుంచుకుంటూ, "ఆ ఫీజు పోతే పోయింది, వచ్చేయరా" అన్నారు. ఆయన్ని అల్లుడుగా తెచ్చుకున్నందుకు ఆ రోజు మరోసారి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

మిగతా ప్రశ్నలు మా అమ్మాయి మూడు స్కూళ్ళకీ రాసింది. ఒకరు రంగురంగుల బొమ్మల పుస్తకం పంపారు. ఒకరు జవాబే రాయలేదు. మూడోచోట నుంచి మాత్రం హాస్టలు మేట్రను తనే రాసింది. రాత్రిళ్ళు తను ఆ మేడమీదే ఉంటాననీ, తలుపు తడితే చాలనీ, మొదటి నెలలో చాలామంది తడతారనీ. చారు సంగతి తెలియదుగానీ, ఎలా కాచాలో రాసి పంపితే వంటవాళ్ళకిస్తానని కూడా రాసింది.

ఆ ఒక్క స్కూలుకే దరఖాస్తు వెళ్ళింది. సీటు వస్తుందో రాదో, వచ్చేనాటికి వాడి మనసు ఎలా ఉంటుందో ఎవరు చెప్పగలరు? ఫ్రిజ్జు మీద చార్టులో మాత్రం నీలం సిరాతో ఒక కొత్త గడి వచ్చింది, 'బుజ్జిగాడి ప్రశ్నలు' అని. నేను బయల్దేరే రోజుకి అందులో పదమూడు చేరాయి.

చారు కాచే విధానం మాత్రం ఇంగ్లీషులో నేనే రాశాను. పోపు అనే మాటకి ఇంగ్లీషు దొరక్క, పోపు అనే రాసేశాను. పిల్లవాడు వెళ్ళాక వాళ్ళే నేర్చుకుంటారు.