ట్యాబ్ కొనేవాళ్ళు ఒక్కసారి దాన్ని ఎండలోకి తీసుకెళ్ళి చూడండి



ఈ వారంలో ముగ్గురు ఫోన్ చేసి ఒకటే అడిగారు. "అన్నా, పిల్లల చదువుకీ, పొలం పనికీ కలిపి ఒక ట్యాబ్ కొందామనుకుంటున్నాం. యాపిలా, శాంసంగా, షావోమీ సరిపోతుందా?" అని. ముగ్గురికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నా. పోస్టు కొంచెం పొడుగే. తీరిగ్గా చదవండి.

ముందు నేను చేసిన తప్పు చెప్తా.

మూడేళ్ళ కింద మా అమ్మాయి ఇంటర్‌లో చేరినప్పుడు టౌన్‌కి పోయి ట్యాబ్ కొన్నాం. చల్లటి ఏసీ షోరూము. ఓ మూల లైట్లు తగ్గించి పెట్టారు. అక్కడ తెర మీద నెమలి పురి విప్పి ఆడుతోంది. ఆ నీలం, ఆ పచ్చ చూసి మా ఇంటావిడ కూడా "ఇదే తీసుకుందాం అండీ" అంది. కంపెనీ పేరు పెద్దది. ఇంకేం చూడలేదు, డబ్బులు కట్టి తెచ్చుకున్నాం. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఇంట్లో అది బాగానే పనిచేసింది, అమ్మాయి రెండేళ్ళు దాని మీదే చదువుకుంది.

పోయినేడు నవంబరులో మిర్చికి తామర పురుగు తగిలింది. మాకు సలహాలిచ్చే శాస్త్రవేత్త గారు ఒక కొత్త మందు పేరు, మోతాదు కాగితం మీద రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. నా ఫోన్ రిపేరుకిచ్చా, అందుకని ట్యాబ్ బండికి తగిలించుకుని పొలానికి పోయా. పదకొండు గంటల ఎండ. తెర తీసి చూస్తే నా మొహం, వెనకాల ఆకాశం కనపడుతున్నాయి గానీ అక్షరాలు సరిగా కనపడట్లా. పైగా బండి మీద ఎండకి వేడెక్కి అదే వెలుతురు తగ్గించేసుకుంది. చెయ్యి అడ్డం పెట్టి చదివా: లీటరుకు 3 మి.లీ.

కాగితం మీద ఉన్నది .3 మి.లీ. ముందు సున్నా లేదు. చుక్క నాకు కనపడలేదు.

మందు కొట్టేది మా చిన్నాన్న. ఇరవై లీటర్ల ట్యాంకుకి 6 మి.లీ. పోయాల్సింది, నేను 60 పోయించా. డబ్బా మీద కాగితం చదవాల్సింది, చదవలేదు. అది కూడా నా తప్పే. నాలుగు ట్యాంకులు అయ్యాక చిన్నాన్న సీసా ఊపి చూసి, "ఏందిరా అబ్బాయ్, పావులీటరు సీసా నాలుగు ట్యాంకులకే అయిపోయింది? ఎకరానికి ఎన్ని సీసాలు కొనాల్రా ఈ లెక్కన?" అన్నాడు. అప్పుడు చింతచెట్టు నీడలోకి పోయి మళ్ళీ చూశా. చుక్క స్పష్టంగా ఉంది.

ఆ రాత్రి చిన్నాన్నకి తల తిరిగింది, వాంతులయ్యాయి. మందు సీసా కూడా పట్టుకుని ఆసుపత్రికి పోయాం. తెల్లవార్లూ సెలైన్ పెట్టారు. పొద్దున్నకి కుదురుకున్నాడు. ఆ నాలుగు ట్యాంకులు పడ్డ సాళ్ళలో ఆకు అంచులు మాడి పూత రాలింది. పూత పోతే పోయింది. చిన్నాన్నకి ఏమన్నా అయితే పిన్నికి నేనేం చెప్పేవాణ్ణి?

అందుకే ఈ పోస్టు.

మందుల షాపుకి పోయినప్పుడు మనలో తెలిసినవాడు ఏం అడుగుతాడు? "కంపెనీ సంగతి తర్వాత, టెక్నికల్ ఏంటి?" అంటాడు. ఇమిడాక్లోప్రిడ్ 17.8 అనేది ఒకటే, డబ్బాల మీద పేర్లు మాత్రం బోలెడు. ట్యాబ్ దగ్గర కూడా అంతే. కంపెనీ పేరు కన్నా ముందు తెర టెక్నికల్ అడగండి.

తెరలు ముఖ్యంగా రెండు రకాలు. ఎల్‌సీడీ, ఓలెడ్. మన నీళ్ళ లెక్కలో చెప్తా.

ఎల్‌సీడీ అంటే కాలవ పారించడం. తెర వెనకాల మొత్తం ఒకే లైటు వెలుగుతూ ఉంటుంది. ముందున్న చిన్న చిన్న తలుపులు తెరుచుకుంటూ, మూసుకుంటూ బొమ్మ తెప్పిస్తాయి. తలుపు మూసినా గట్టు కింద నీరు ఊరినట్టు కాస్త వెలుగు కారుతుంది. అందుకే దీంట్లో నలుపు పూర్తి నలుపుగా ఉండదు. ఐపీఎస్ అన్నా ఇందులో ఒక రకమే, పక్కనుంచి చూసినా రంగు మారదు.

ఓలెడ్ అంటే డ్రిప్పు. ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది. నలుపు కావాలంటే ఆ చుక్క ఆరిపోతుంది. శాంసంగ్ వాళ్ళు అమోలెడ్ అనేది దీన్నే. షోరూములో నెమలి అంత మెరిసింది అందుకే.

ఈ రెంటికీ మధ్యలో మినీ ఎల్‌ఈడీ. కాలవకే మడి మడికీ వాల్వు పెట్టినట్టు. 2021లో వచ్చిన పన్నెండున్నర అంగుళాల పైబడ్డ ఐప్యాడ్ ప్రోలో అట్టాంటి వాల్వులు 2,596. తర్వాత 2024లో ఐప్యాడ్ ప్రోని యాపిల్ ఓలెడ్‌కి మార్చింది, అదీ రెండు పొరలు. సాలుకి రెండు డ్రిప్ పైపులు వేసినట్టన్నమాట. ఇక్కడో తమాషా. యాపిల్, శాంసంగ్ బజార్లో పోట్లాడుకుంటాయి కదా, ఆ ఐప్యాడ్ ప్రోకి ఓలెడ్ తెరలు చేసిచ్చేది ఎల్‌జీ, శాంసంగ్‌ల తెరల కంపెనీలే. యార్డులో పోటీపడి పాట పాడిన ఇద్దరు వ్యాపారులు సాయంత్రం ఒకే లారీలో సరుకు పంపించుకున్నట్టు!

పేరు చూసి మోసపోవద్దని ఎందుకంటున్నానంటే, ఒకే కంపెనీలో ఒకే పేరు కింద వేరే తెరలుంటాయి. శాంసంగ్ ట్యాబ్ ఎస్9 తీసుకుంటే అమోలెడ్. దాని వెనక ఎఫ్ఈ అని రెండక్షరాలు చేరితే ఎల్‌సీడీ. రెండూ నీళ్ళు, దుమ్ము తట్టుకునే ఐపీ68వే. యాపిల్‌లో మామూలు ఐప్యాడ్, ఐప్యాడ్ ఎయిర్ 11 అంగుళాలది, రెండూ ఎల్‌సీడీయే, రెంటికీ వెలుతురు 500 నిట్సే. కానీ మామూలు దాంట్లో పై గాజుకీ తెరకీ మధ్య సన్నటి గాలి సందు ఉంటుంది. ఎయిర్‌లో ఆ సందు లేకుండా అతికించి, పైన మెరుపు తగ్గించే పూత కూడా పూస్తారు.

ఆ సందుతో మనకేం పని అంటారా? మామూలు గాజు మీద పడ్డ వెలుగులో నూటికి నాలుగు వంతుల దాకా వెనక్కి కొడుతుంది. సందు ఉంటే అట్టా కొట్టే ముఖాలు ఒకటి కాదు, మూడు. ఇంట్లో తెలియదు. షోరూములో వెలుగు వందల లక్స్‌లో ఉంటే, మన పొలంలో మిట్టమధ్యాహ్నం లక్ష లక్స్ దాకా ఉంటుంది. నాకు నా మొహం కనపడింది అందుకే.

కాబట్టి పొలం పనికి అయితే చూడాల్సినవి మూడు. ఒకటి, నిట్స్ ఎన్ని? ఎక్కువుంటే మంచిది. రెండు, గాజు అతికించి ఉందా, మెరుపు తగ్గించే పూత ఉందా? షావోమీ ప్యాడ్ 7లో 800 నిట్స్, అందులోనే గరుకు గాజుది ఒకటి విడిగా అమ్ముతున్నారు. మూడు, వేడి. యాపిల్ వాళ్ళే తమ ఐప్యాడ్‌ని 35 డిగ్రీల లోపు వాడమని రాసుకున్నారు. మన రెంటచింతల వైపు మే నెలలో ఆ 35 పొద్దున్నే దాటుతుంది. వేడెక్కితే చాలా ట్యాబులు వెలుతురు తగ్గించుకుంటాయి. బండి మీద వదిలేయకండి, సంచిలో నీడన పెట్టండి.

120 హెర్ట్జ్, 144 హెర్ట్జ్ అని షాపువాళ్ళు గట్టిగా చెప్తారు. అది వేలితో జరిపేటప్పుడు నున్నగా కదలడానికి. చీటీ చదవడానికి దానితో పనిలేదు.

పిల్లల చదువుకి, సినిమాలకి ఓలెడ్ చాలా బాగుంటుంది, కాదనను. ఒక్కటే చూసుకోండి. రాత్రిళ్ళు వెలుతురు బాగా తగ్గిస్తే చాలా ఓలెడ్ తెరలు కంటికి కనపడనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి. కొందరికి దాంతో తలనొప్పి వస్తుంది, కొందరికి ఏమీ ఉండదు. కొనేముందు పిల్లల్నే ఓ పది నిమిషాలు తక్కువ వెలుతురులో చదవమనండి.

ఇక నేను ఈసారి ఎట్టా కొన్నానో చెప్తా. తెల్ల కాగితం మీద పెన్నుతో ".3 మి.లీ." అని చిన్నగా రాసి ఫొటో తీసుకున్నా. షాపుకి పోయి ఆ ఫొటో వాళ్ళ ట్యాబుల్లోకి పంపి, "బయట ఎండలో చూస్తా" అన్నా. రెండు షాపులవాళ్ళు కుదరదన్నారు. మూడో షాపులో కుర్రాడు నవ్వి, తనే మూడు ట్యాబులు పట్టుకుని రోడ్డు మీదకొచ్చాడు. వాటిలో అన్నిటికన్నా ఖరీదైనదాంట్లో చుక్క కనపడలా. మధ్య ధర ఎల్‌సీడీలో కనపడింది. అదే తెచ్చుకున్నా. సినిమా పెడితే నలుపు బూడిద రంగులో ఉంటుందని మా అమ్మాయి ఇప్పటికీ వెక్కిరిస్తుంది. ఉండనీండి.

చిన్నాన్న మళ్ళీ పొలానికి వస్తున్నాడు. నేను ఎంత మంచి తెర కొన్నా ఆయన నమ్మడు. "చదివింది చెప్పు, డబ్బా మీదది కూడా చదువు, రెండూ ఒకటే అయితేనే మూత తీస్తా" అంటాడు. మాస్కు, గ్లోవ్స్ లేకుండా పంపు భుజానికెత్తనివ్వట్లేదు నేను కూడా.

చివరగా ఒక్క మనవి. గ్రూపుల్లో మందుల చీటీలు పెట్టే పెద్దలు, షాపువాళ్ళు, నాలాంటి రైతులు అందరికీ. పాయింటు ముందు సున్నా తప్పకుండా పెట్టండి. దాని పక్కనే "ఇరవై లీటర్ల ట్యాంకుకి ఆరు మి.లీ." అని అక్షరాల్లో కూడా రాయండి. అందరి దగ్గరా మంచి తెర ఉండదు, అందరూ నీడలో నిలబడి చదవరు.